ఫ్రూమ్ లంకెబిందె, మూడు 'జీ'లు: ఇంగ్లండులో రోమన్ నాణేల వెంట

సోమవారం, రీడింగ్

రోమన్ నాణేలు చూడడానికి వెళ్తున్నానంటే అందరూ రోముకేనా అని అడిగారు. రోముకు కాదు, ఇంగ్లండుకు. నాణెం ఎక్కడ అచ్చయిందో నాణెమే చెబుతుంది. ఎక్కడ దొరికిందో మాత్రం తవ్వినవాడు చెబితేనే తెలుస్తుంది. ఆ రెండో సంగతిని ఇంగ్లండువాళ్లు శ్రద్ధగా రాసిపెట్టుకుంటున్నారు కాబట్టి నా ప్రయాణం ఇటు.

క్రీ.శ. 43 నుంచి దాదాపు 410 వరకు ఈ దీవిలో ఎక్కువ భాగం రోమన్ సామ్రాజ్యంలో ఒక మూల. ఆ మూడున్నర శతాబ్దాల్లో జనం పారేసుకున్న చిల్లర, దాచుకున్న సొమ్ము, దేవుళ్లకు వేసిన కానుకలు ఇప్పటికీ పొలాల్లో బయటపడుతూనే ఉంటాయి. లోహాలను పసిగట్టే యంత్రం చేతబట్టుకుని సెలవు రోజుల్లో దుక్కి చేలల్లో తిరగడం ఇక్కడ చాలామందికి సరదా. పొలం యజమాని అనుమతి ఉండాలి. 1996లో చేసిన చట్టం ప్రకారం, 300 ఏళ్లు దాటిన వెండి, బంగారు నాణేలు ఒకేచోట రెండు దొరికినా, రాగి, కంచు నాణేలైతే పది దొరికినా, 14 రోజుల్లోగా అధికారికి చెప్పాలి. మ్యూజియం కొనుక్కుంటే నిపుణులు కట్టిన ధర దొరికినవాడికీ పొలం యజమానికీ చేరుతుంది. విడిగా ఒక్క నాణెం దొరికితే చెప్పాలన్న నిర్బంధం లేదు. అయినా వేలమంది తెచ్చి చూపించి రాయించుకుంటారు. అలా నమోదైన వస్తువులు 15 లక్షలకు పైమాటే.

మన దగ్గర 1878 నాటి చట్టం ఇంకా నడుస్తోంది. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలంటుంది. లంకెబిందె దొరికినవాడు కలెక్టరాఫీసు మెట్లెక్కడం ఎంత అరుదో అందరికీ తెలిసిందే. రాత్రికి రాత్రే కంసాలి కొలిమికి చేరుతుంది.

నేను బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మేనల్లుడు రీడింగులో కంప్యూటర్ ఉద్యోగి. నా కోసం సెలవు పెట్టాడు గానీ, రాత్రి భోజనాల దగ్గర జాబితా చూసి, "మామయ్యా, మ్యూజియం అంటే రెండు గంటల పని కదా. వారమంతా నాణేలేనా?" అన్నాడు.

"నీకు విసుగేస్తే చెప్పు, నేనొక్కణ్ణే వెళ్లొస్తా" అన్నాను. వెళ్లనివ్వడని తెలుసు.

మంగళవారం, లండన్

ఎలిజబెత్ లైన్ రైలెక్కితే టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా మారే పని లేదు. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడక. ప్రవేశం ఉచితం. ఈజిప్టు మమ్మీల దగ్గర జనం కిటకిటలాడుతుంటే, పైఅంతస్తులో డబ్బు చరిత్ర చెప్పే 68వ గదిలో మాత్రం నింపాదిగా నిలబడి చూడొచ్చు. అయినా నేను ముందు వెళ్లింది 49వ గదికి. హాక్సన్ నిధి ఉండేది అక్కడే.

1992 నవంబరులో సఫోక్ ప్రాంతపు హాక్సన్ గ్రామంలో ఒక రైతు సుత్తి పొలంలో ఎక్కడో పడిపోయింది. ఎరిక్ లాస్ అనే స్నేహితుడు యంత్రంతో ఆ సుత్తిని వెతకబోతే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు బయటపడ్డాయి. ఆయన కొద్దిగా తీసి, అంతటితో ఆగి, అధికారులకు కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి మట్టిపెళ్లలతో సహా ఎత్తుకెళ్లారు. మొత్తం 15 వేలకు దగ్గరగా నాణేలు. అందులో 569 బంగారు సాలిడస్‌లు, 14 వేలకు పైగా వెండివి. ఆ సుత్తి కూడా దొరికింది, అదీ మ్యూజియానికే చేరింది.

అక్కడి సిలిక్వాలనే వెండి నాణేల అంచులు చూడండి. దాదాపు అన్నిటికీ అంచు ఎంతోకొంత కత్తిరించి ఉంటుంది. 5వ శతాబ్దం మొదట్లో రోమ్ నుంచి బ్రిటన్‌కు కొత్త నాణేలు రావడం ఆగిపోయాక, ఉన్నవాటి అంచుల నుంచే వెండి గీసుకుని ఇంకొన్ని అచ్చు వేసుకున్నారు. అక్షరాలు సగం ఎగిరిపోయిన నాణేలు ఎన్నో. చక్రవర్తి తలను మాత్రం ముట్టుకోలేదు! కత్తెర సరిగ్గా బొమ్మ చుట్టూ తిరిగి వచ్చేసింది. చక్రవర్తి మీద భయమో, తల లేకపోతే నాణెం చెల్లదన్న లెక్కో గానీ, అంత జాగ్రత్తగా కోశారు.

నాకు అక్కన్‌పల్లి గుర్తొచ్చింది. నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో డెనారియస్‌లనే రోమన్ వెండి నాణేలు 1,531 ఒక్కచోటే దొరికాయి. తొలి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల కాలానివే ఎక్కువ. వాటిలో చాలా నాణేలకు గాటు పెట్టి ఉంది. ఆ గాటు అంచుకు కాదు, సూటిగా చక్రవర్తి తల మీదే, ఉలితో కొట్టినట్టు లోతుగా. లోపల వెండేనా, రాగి మీద పూతా అని పరీక్షించారని కొందరంటారు. ఇది నాణెంగా చెల్లదు, వెండి ముక్కగా తూచి తీసుకోండి అని గుర్తు పెట్టారని మరికొందరు. క్యాషియరుగా నా మొగ్గు రెండో మాట వైపు. పరీక్షకైతే అంచున చిన్న గాటు చాలు. ముఖం మీద అంత పెద్ద గాటెందుకు?

ఒకే సామ్రాజ్యపు వెండిని బ్రిటన్‌లో తల కాపాడి అంచు కోశారు, మన దగ్గర అంచు వదిలి తల నరికారు. విడి నాణేలుగా చేతులు మారిపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ తట్టేది కాదు. వేల నాణేలు ఒకచోట దొరికి, ఒకచోట ఉండబట్టే తెలిసింది.

అదే హాక్సన్ నిధిలో వెండి మిరియాల డబ్బీలు నాలుగున్నాయి. ఒకటి రాణి బొమ్మ. నిజానికి ఏ రాణో తెలియదు, అందంగా జడలు చుట్టుకున్న ఒక దొరసాని. అడుగున తిరిగే బిళ్ల ఉంది. ఒక వైపు తిప్పితే మూత, ఇంకో వైపు తిప్పితే మిరియాలు పోసుకునే పెద్ద కంతలు, మరో వైపు తిప్పితే చల్లుకునే సన్నని చిల్లులు. మన పోపుల పెట్టె ముందు నిలబడ్డట్టే అనిపించింది. మిరియం మన పడమటి తీరం నుంచి వెళ్లిందే. భారతదేశం రోమన్ సామ్రాజ్యం నుంచి ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్ నాణేల సొమ్ము లాగేస్తోందని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ లెక్క నిజమో, పెద్దమనిషి గొణుగుడో గానీ, దక్షిణాది నేలలో దొరికిన వెండి, బంగారు నాణేలను చూస్తే పూర్తిగా కొట్టిపారేయలేం.

మేనల్లుడు మిరియాల డబ్బీ దగ్గర చాలాసేపే నిలబడ్డాడు. "దీన్ని ఇప్పుడు చేసి అమ్మినా కొంటారు మామయ్యా" అన్నాడు. దారిలో పడుతున్నాడు.

బుధవారం, బాత్

రీడింగు నుంచి బాత్‌కు రైల్లో గంట ప్రయాణం. తేనె రంగు రాతి భవనాల ఊరు. అక్కడి రోమన్ స్నానశాలల టికెట్టు ధర చూసి మేనల్లుడు నిట్టూర్చాడు, నేను విననట్టు నటించాను.

భూమిలోంచి 46 డిగ్రీల వేడి నీళ్లు రోజుకు 11.7 లక్షల లీటర్లు ఉబికి వస్తాయి. స్థానిక దేవత సులిస్‌ను రోమన్లు తమ మినర్వాతో కలిపేసి సులిస్ మినర్వా అని గుడి కట్టారు. ఆ బుగ్గలోంచి 12 వేలకు పైగా రోమన్ నాణేలు తీశారు. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే పైసలు విసిరిన చేతులకు ఈ పని కొత్తగా చెప్పక్కర్లేదు. నాణేలతో పాటు సీసపు రేకుల మీద రాసిన శాపనార్థాలూ దొరికాయి, 130 దాకా. నా అంగీ ఎత్తుకెళ్లినవాడికి నిద్ర పట్టకూడదు, వాడు స్వతంత్రుడైనా బానిసైనా, ఆడైనా మగైనా వదలకు తల్లీ, ఈ ధోరణి.

నేను వచ్చింది బో స్ట్రీట్ నిధి కోసం. 2007లో ఇక్కడికి కూతవేటు దూరంలో, హోటలు కట్టబోయే స్థలంలో తవ్వుతుంటే నాణేలు దిమ్మలా గడ్డకట్టి కనిపించాయి. విడదీయకుండా దిమ్మంతా ఎత్తి ఎక్స్‌రే తీయిస్తే, లోపల ఎనిమిది మూటలు వేర్వేరుగా ఉన్నాయని తేలింది. తోలు సంచులు కుళ్లిపోయినా నాణేలు మాత్రం సంచి ఆకారంలోనే నిలిచాయి. మొత్తం 17,577. అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 32 నాటిది, కొత్తవి క్రీ.శ. 274 నాటివి. అంటే ఈ సంచులు కట్టినవాడి చేతిలో మూడు వందల ఏళ్ల వయసున్న నాణెం ఇంకా చలామణిలో ఉంది.

నాణేలు పోల్చడం నేర్చుకోవాలనుకునేవారు ఈ అద్దాల పెట్టె ముందు కాసేపు నిలబడాలి. ముందు తల మీద ఏముందో చూడాలి. ఆకుల దండ ఉండి చిన్న వెండి నాణెమైతే అది మామూలుగా డెనారియస్. సూర్యకిరణాల్లా ముళ్లు పొడుచుకొచ్చిన కిరీటం ఉంటే, 215లో చక్రవర్తి కారకల్లా మొదలుపెట్టిన కొత్త నాణెం. రెండు డెనారియస్‌ల విలువ అన్నారు గానీ, అందులో ఉన్న వెండి ఒకటిన్నరకు సరిపోయేది. అక్కడి నుంచి పతనం మొదలు. ఆరంభంలో సగం వెండి, 270 నాటికి నూటికి రెండు మూడు పాళ్లు. మిగిలినదంతా రాగి. టంకశాల నుంచి వచ్చినప్పుడు పైన పలచటి వెండి పూత మెరిసేది, నాలుగు చేతులు మారేసరికి ఎర్రగా తేలేది.

ఈ సంచుల యజమాని ఆ సంగతి కనిపెట్టాడు. డెనారియస్‌లను వేరే సంచిలో కట్టాడు. కిరీటం నాణేల్లోనూ వెండి ఎక్కువున్న పాతవాటిని, రాగి రేకుల్లాంటి కొత్తవాటిని కలపలేదు. ఎవరో ఏమిటో పేరు తెలియదు. కానీ పని తెలిసినవాడు. కౌంటరు వెనక అలాంటివాడు ఒక్కడుంటే చాలు, మిగిలిన వాళ్లం నిశ్చింతగా టీకి వెళ్లొచ్చు.

రాత్రి బస బ్రిస్టల్‌లో. ఎముకలు కొరికే చలి. ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర తిని పడుకున్నాం.

గురువారం, టాంటన్

బ్రిస్టల్ నుంచి టాంటన్‌కు మళ్లీ రైలు. కోటలో ఉన్న సోమర్‌సెట్ మ్యూజియంలో మేమిద్దరం, ఒక బడి పిల్లల గుంపు తప్ప ఎవరూ లేరు. నా ప్రయాణమంతా ఈ ఒక్కచోటు కోసమే అన్నా తప్పులేదు.

2010 ఏప్రిల్. ఫ్రూమ్ పట్టణం దగ్గర ఒక పొలంలో డేవ్ క్రిస్ప్ అనే ఆయన, వృత్తికి ఆసుపత్రిలో వంటవాడు, యంత్రంతో తిరుగుతున్నాడు. సంకేతం రాగానే తవ్వితే మట్టిలో చిన్న నాణెం, దాని పక్కనే కుండ పెంకు. లంకెబిందె తగిలిందని ఆయనకు అర్థమైంది. ఇక్కడ మనలో నూటికి తొంభై తొమ్మిది మంది ఏం చేస్తారో ఆయన అది చేయలేదు. తీసిన గుంత పూడ్చేసి అధికారులకు ఫోను చేశాడు.

తర్వాత నిపుణులు వచ్చి కుండను వరసలు వరసలుగా ఖాళీ చేశారు. ఏ వరసలోవి ఆ సంచిలో వేసి గుర్తులు రాసుకున్నారు. 52,503 నాణేలు. బరువు 160 కిలోలు. ఒక్క కుండలో ఇన్ని నాణేలు దొరకడం బ్రిటన్‌లో అదే ప్రథమం. విలువ 3,20,250 పౌండ్లుగా కట్టారు. మ్యూజియం చందాలు, విరాళాలు పోగుచేసి ఆ సొమ్ము చెల్లించి నాణేలను సొంత జిల్లాలోనే నిలుపుకుంది.

వరసలుగా తీయడం వల్ల ఏం తెలిసిందో వినండి. ఎవరైనా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాచుకుంటే అడుగున పాతవి, పైన కొత్తవి ఉండాలి. కానీ ఈ కుండలో అన్నిటికన్నా చివరి కాలపు నాణేలు ఎక్కువగా సగానికి దిగువనే దొరికాయి. అంటే ఇది కూడబెట్టిన సొమ్ము కాదు, ఒక్కసారిగా గుమ్మరించింది. పైగా కుండ గోడలు పలచన. 160 కిలోలతో ఎత్తితే పగిలిపోతుంది. కాబట్టి ముందు కుండను గుంతలో దించి, తర్వాత అందులో పోశారు. తిరిగి తీసుకునే ఉద్దేశం ఉన్నవాడు అలా చేస్తాడా? ఊరంతా కలిసి దేవతలకు సమర్పించిన కానుక అయివుంటుందని నాణేలను పరిశీలించిన నిపుణుల్లో కొందరి అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది. క్రిస్ప్ ఆ రోజు బకెట్టుతో తోడుకుని ఉంటే మిగిలేది 52 వేల రాగి బిళ్లలే. ఈ ప్రశ్న వేయడానికి కూడా ఆధారం ఉండేది కాదు.

ఆ చివరి కాలపు నాణేలు కరౌసియస్‌వి, 760కి పైగా. ఈయన కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఇప్పటి బెల్జియం తీరం నుంచి వచ్చిన మెనాపీ తెగవాడు. నావికుడిగా ఎదిగి, సముద్రపు దొంగలను అణచమని రోమ్ ఇచ్చిన నౌకాదళానికి అధిపతి అయ్యాడు. దొంగల నుంచి పట్టుకున్న సొత్తు తనే ఉంచుకుంటున్నాడని అభియోగం వచ్చింది. చక్రవర్తి మాక్సిమియన్ మరణశిక్ష వేశాడు. శిక్ష కోసం ఎదురుచూడకుండా 286లో నౌకలతో సహా బ్రిటన్‌కు వచ్చి, నేనే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. ఏడేళ్లు ఏలాక 293లో సొంత మంత్రి అలెక్టస్ చేతిలో చచ్చాడు. 296లో కాన్‌స్టాంటియస్ దండెత్తి దీవిని మళ్లీ రోమ్‌లో కలిపాడు.

రోమన్ నాణెం మీద 'ఆగస్టస్' అనే బిరుదును కుదించి ఏ, వీ, జీ అని మూడు అక్షరాలు వేస్తారు. ఇద్దరు చక్రవర్తులు కలిసి ఏలుతుంటే చివర రెండు జీలు. ముగ్గురుంటే మూడు. బొరుసు మీద జీలు లెక్కపెడితే ఆ రోజు సింహాసనం మీద ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. కరౌసియస్ తన శాంతిదేవత నాణేల మీద కొన్నాళ్లకు మూడు జీలు కొట్టించాడు. అటు డయోక్లెషియన్, మాక్సిమియన్, ఇటు తను. ముగ్గురం సమానులం అని. ఇంకో అడుగు ముందుకేసి ముగ్గురి తలలూ పక్కపక్కన చెక్కించి, చుట్టూ 'కరౌసియస్, అతని సోదరులు' అని రాయించాడు. ఆ సోదరులు ఈయన్ని తమ నాణేల మీదకు రానివ్వలేదు. వాళ్ల ఆస్థాన వక్త ఆయన్ని సముద్రపు దొంగ అనే అన్నాడు.

మిగతా సామ్రాజ్యంలో రాగి బిళ్లలు చెలామణి అవుతుంటే, ఈయన మాత్రం తొంభై పాళ్లకు పైగా స్వచ్ఛమైన వెండితో డెనారియస్‌లు కొట్టించాడు. ఫ్రూమ్ కుండలో అలాంటివి ఐదు దొరికాయి. అద్దం వెనక నల్లగా, నిబ్బరంగా ఉన్నాయి. మెడ మందంగా, గడ్డం గుబురుగా, పహిల్వాను ముఖం. ఈయన వెండి నాణేల అడుగున తరచుగా కనిపించే ఆర్, ఎస్, ఆర్ అనే అక్షరాలు ఏమిటో పండితులకు ఎన్నో ఏళ్లు అంతుపట్టలేదు. టంకశాల పేరనుకున్నారు. 1990ల చివర్లో గై డి లా బెడోయేర్ అనే చరిత్రకారుడు వాటిని వర్జిల్ కవి పద్యపాదంగా గుర్తుపట్టాడు: స్వర్ణయుగం తిరిగి వస్తోంది అనే అర్థం గల మూడు లాటిన్ మాటల తొలి అక్షరాలవి. దాని తర్వాతి పాదానికి తొలి అక్షరాలు కరౌసియస్ మరో పతకం మీద దొరికాయి. ఇక సందేహమేముంది? ఓడల మీద బతికిన తిరుగుబాటుదారు పద్యం చదివే పెద్దలను పద్యంతోనే పలకరించాడు. మనం రాజుల శాసనాల్లో పద్యాలు చూశాం గానీ, చిల్లర మీద పొడి అక్షరాలుగా పద్యం కొట్టించిన రాజును నేను ఇంకెక్కడా చూడలేదు.

మేనల్లుడు అద్దానికి ముక్కు ఆనించి, "ఒకటి, రెండు, మూడు. మూడు జీలున్నాయి మామయ్యా!" అన్నాడు. బడి పిల్లల్లో ఒకడు వచ్చి వాడి పక్కన నిలబడి తనూ లెక్కపెట్టాడు.

శుక్రవారం, రీడింగ్

ఆగకుండా వాన. ఊళ్లోని మ్యూజియంలో సిల్చెస్టర్ అనే పాత రోమన్ పట్టణపు తవ్వకాల వస్తువులున్నాయని వెళ్లాం. 1866లో దొరికిన కంచు గద్ద ఒక్కటే గుర్తుండిపోయింది. రెక్కలు లేవు, అయినా చూపులో చేవ తగ్గలేదు. మధ్యాహ్నం మిరియాల చారు, నిద్ర.

శనివారం, లండన్

బ్రిటిష్ మ్యూజియం చుట్టుపక్కల వీధుల్లో పాత నాణేల దుకాణాలున్నాయి. ఒకదాంట్లోకి వెళ్లాం. పేరెందుకు గానీ, మర్యాదస్తులు. కౌంటరు మీద పళ్లెంలో చివరి రోమన్ కాలపు రాగి నాణేలు కుప్పగా పోసి, ఏదైనా 15 పౌండ్లు అని రాసి పెట్టారు. భూతద్దం ఇచ్చారు.

మేనల్లుడు ఒకటి ఏరాడు. చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది, పచ్చటి చిలుము సమంగా పట్టి నునుపుగా ఉంది. "కాన్‌స్టాంటైన్ అని చదవగలుగుతున్నా. ఆ మహా చక్రవర్తే కదా?" అన్నాడు.

"ముఖాన్ని వదిలెయ్. ఆ వంశంలో అందరి ముఖాలూ ఒక్కలాగే చెక్కారు. గడియారంలో ఏడు ఉండే చోటు నుంచి మొదలుపెట్టి కుడివైపుగా చదువుకుంటూ రా" అన్నాను.

కిటికీ దగ్గరికి వెళ్లి, నాణేన్ని వంచి, పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకున్నాడు. పైనుంచి వెలుతురు పడితే అరిగిన అక్షరాలు కనిపించవు, ఏటవాలుగా పడితే నీడతో లేస్తాయి. పేరు తర్వాత ఐ, వీ, ఎన్. ఆపైన ఎన్, ఓ, బీ. చివర సీ. చక్రవర్తి బిరుదు లేదు. చిన్నవాడు, యువరాజు అని దానర్థం. అంటే తండ్రి కాదు, కొడుకు రెండో కాన్‌స్టాంటైన్.

బొరుసు తిప్పాడు. ఇద్దరు సైనికులు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో జెండాకర్ర ఎన్ని అని అడిగాను. ఒకటే. ఈ రకం 330లో మొదలైనప్పుడు జెండాలు రెండుండేవి. 335లో నాణెం బరువు తగ్గించారు. బిళ్ల చిన్నదయ్యేసరికి చోటు చాలక ఒక జెండా ఎగిరిపోయింది. తండ్రి 337లో చనిపోయాక కొడుకు యువరాజు కాదు, చక్రవర్తి. కాబట్టి ఈ నాణెం 335, 337 మధ్యది. రెండేళ్ల తేడాలోకి దించేశాం, ఒక్క పుస్తకం తెరవకుండానే.

"కింద గీత అడుగున ఏవో అక్షరాలున్నాయి" అన్నాడు. చదివి పకపకా నవ్వాడు. "మామయ్యా, టీఆర్‌ఎస్!"

దుకాణం ఆవిడకు ఆ నవ్వెందుకో మేం చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు. టీఆర్ అంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్ టంకశాల. ఎస్ అంటే అందులో రెండో పనిశాల. తూకం తప్పినా వెండి పాలు తగ్గినా ఏ బల్ల దగ్గర తప్పు జరిగిందో పట్టుకోవడానికి ఈ గుర్తులు. మన నోటు మీద వరస సంఖ్య చేసే పని లాంటిదే.

అంచు చుట్టూ చూశాను. పోత పోసిన నకిలీలకు అంచున సన్నని అతుకు గీత ఉంటుంది, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీలో బుడగల గుంటలుంటాయి, అక్షరాలు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. దీనికవేవీ లేవు. దెబ్బ కొట్టి అచ్చువేసిన నాణెం అంచున వచ్చే చిన్న పగులొకటి ఉంది. నిజమైనదే.

చివరగా ఆవిణ్ణి ఒకే మాట అడిగాను: ఇది ఎక్కడ దొరికిందండీ?

పాత సేకరణ ఒకటి మొత్తంగా కొన్నాం, అంతకుమించి తెలియదు అన్నారావిడ. నిజాయితీగానే చెప్పారు. ట్రియర్‌లో అచ్చయింది, ఫలానా రెండేళ్లలో, ఫలానా యువరాజు పేరు మీద, ఫలానా బల్ల దగ్గర. తర్వాతి కథంతా పోయింది. కెంట్ పొలంలో పడిందో, బల్గేరియాలో ఎవడో రాత్రిపూట దొంగచాటుగా తవ్వి తెచ్చాడో. పక్కనే ఇంకో డబ్బాలో మట్టి కూడా వదలని నాణేలు గుప్పెళ్ల లెక్కన అమ్ముతున్నారు. శుభ్రం చేసుకోవడం సరదా అని వాటిని కొనేవాళ్లున్నారు. నేను కొనను, ఎవరినీ కొనమనను. మట్టితో సహా సంచిలో అమ్మకానికొచ్చిన నాణెం ఏ కుండలో ఏ వరసలో ఉండేదో ఆలోచిస్తే ఆ సరదా నాకు రాదు.

మేనల్లుడు మాత్రం తను చదివిన నాణేన్ని వదలలేకపోయాడు. పాత సేకరణలోదని రసీదు మీద రాయించుకుని కొన్నాడు. అది సరే అన్నాను.

ఆదివారం, రీడింగ్

పొద్దున్నే వంటింట్లో నాణెం తూకం. వాళ్ల పిండి తూచే తక్కెడ దాన్ని వస్తువుగానే గుర్తించలేదు, సున్నా దగ్గరే కూర్చుంది. ఈ రకం గ్రామున్నర అటూఇటుగా ఉండాలి, రెండు జెండాలదైతే రెండున్నర దాకా తూగేది. బరువు తెలియని నాణెం సగం చదివినట్టే. రెండో నాణెం కొనేముందు, గ్రాములో వందో వంతు చూపే కంసాలి తక్కెడ కొనమని చెప్పాను.

వాడి భార్య చిలుము చూసి, "చింతపండు పెట్టి తోమనా మామయ్యా, తళతళలాడుతుంది" అంది. పరుగున వెళ్లి లాక్కున్నాను. చింతపండు, నిమ్మరసం, సబ్బుపొడి, ఏదీ వద్దు. పులుపు తగిలితే చిలుముతో పాటు అక్షరమూ పోతుంది. మరీ మట్టి ఉంటే శుద్ధజలంలో నానబెట్టి, పుల్లతో నిదానంగా రాల్చాలి. దీనికి ఆ అవసరమూ లేదు.

నాణెం వాడి దగ్గరే ఉంచాను. పాత వస్తువుతో విమానాశ్రయంలో సంజాయిషీలు ఇచ్చుకునే ఓపిక నాకు లేదు. చిన్న కాగితం కవరులో వేసి, పైన వివరాలన్నీ వాడి చేతే రాయించాను: ఎవరి నాణెం, ఏ టంకశాల, ఏ ఏళ్లు, ఎక్కడ ఏ తేదీన కొన్నది, రసీదు సంఖ్య. బరువుకు ఖాళీ వదిలాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అక్కన్‌పల్లి నాణేలు చూపించమన్నాడు. ముందు మ్యూజియంవాళ్లకు ఉత్తరం రాసి, అవి ప్రదర్శనలో ఉన్నాయో లేదో కనుక్కుంటానన్నాను.